అతుకు కింద పడిన ఊరు

ట్రేసింగు గుడ్డ మీద జానెడు మేర సుద్దపొడి చల్లి, నూలుగుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నాయి ఆమె చేతులు. ఆ గుడ్డకు ఒక నునుపు ఉంటుంది. ఆ నునుపు మీద సిరా నిలవదు, జారి ముద్దవుతుంది. పొడితో రుద్దితే జిడ్డు వదులుతుంది. రుద్దాక పొడంతా దులపాలి, ఒక్క రేణువు మిగిలినా పాళీ నోట్లో ఇరుక్కుని చుక్క కాస్తా మరకవుతుంది. ఆమె వంగి, కళ్ళు బల్ల మట్టానికి తెచ్చి ఏటవాలుగా చూసింది. ఇంకోసారి దులిపింది. చుట్టూ ఇనుప బరువులు సర్ది, కుడి మణికట్టు కింద తువ్వాలు మడిచి పెట్టుకుని, పాళీని సిరాలో ముంచి చుక్క పెట్టింది.

ఒక చుక్కంటే నూరుగురు మనుషులు.

పదేళ్ళకోసారి జనాభా లెక్క తేలాక, ఆ జనాన్నంతా జిల్లా పటం మీద చుక్కలుగా దింపాలి. ఏ ఊళ్ళో ఎంతమంది ఉంటే నూటికొకటి చొప్పున అన్ని చుక్కలు, ఊరున్న చోటే. ఈసారి లెక్క ఆరు లక్షల ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు మంది. అంటే ఆరు వేల మూడు వందల ఎనభై నాలుగు చుక్కలు. అన్నీ ఒకే లావు, ఒకే నలుపు ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నందుకు ఆఫీసులో ఆమెకు చుక్కలమ్మ అని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

జిల్లా అంతా ఆమె చేతికి తెలుసు. ఉత్తరాన కొండలు, పిడికిలి బిగిస్తే కణుపులు లేచినట్టు వరసగా ఉంటాయి. అక్కడ జానెడు మేర వెతికినా పది చుక్కలు దొరకవు. మధ్యలో పడమటి నుంచి తూర్పుకు ఏరు, ఏడు వంపులు తిరుగుతూ పోతుంది. ఏటికి దక్షిణాన నల్లనేల, అక్కడ చుక్కలు గింజలు ఒలికినట్టుంటాయి. ఇంకా కిందకు పోతే మెట్ట. నీళ్ళు లేవు గాని రోడ్డుంది, అందుకని ఊళ్ళన్నీ ఆ రోడ్డునే పట్టుకుని వేలాడతాయి. తూర్పు మూల గని మూతపడ్డాక ఆరు ఊళ్ళు చిక్కిపోయాయి. ఇరవై ఏళ్ళ కిందట అక్కడ అరవై చుక్కలుండేవి, పోయినసారి నలభై, ఈసారి పంతొమ్మిది. జిల్లా కేంద్రంలో మాత్రం ఐదు వందల ఇరవై. ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కకుండా సర్దేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

ఇంత జిల్లాను వేళ్ళతో తిరిగిన మనిషి కాళ్ళతో తిరిగింది ఒక్కటే దారి. అద్దె గది నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి అద్దె గదికి. ఆఫీసులో ఆమె గది ఒకప్పుడు ఇనప్పెట్టెలు పడేసుకునే కొట్టు. ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు, గాలికి షీట్లు లేవకుండా. ఫ్యాను ఉంది గాని వెయ్యకూడదు. గుడ్డ మీద చెమటబొట్టు పడితే అక్కడ గంజి కరిగి తెల్లగా పొక్కుతుంది, అందుకని ఎండాకాలంలో నుదుటికి గుడ్డ కట్టుకుని పనిచేస్తుంది. పెట్టెలకు గాలాడకపోయినా నష్టం లేదు. ఆ గదిని మనిషికి ఇచ్చేటప్పుడు ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

ఆమె భర్త రైల్వే వర్క్‌షాపులో లేతు మీద ఇనుప ముక్కలు తిప్పి కోసే పని చేస్తాడు. ఆ ఊరు రైల్లో తొమ్మిది గంటల దూరం. పదకొండేళ్ళుగా ఇద్దరే ఇద్దరు మనుషులకు రెండు వంటిళ్ళు. నెలకు రెండు ఆదివారాలు ఆయన పొద్దున దిగి సాయంత్రం బండెక్కుతాడు. ఆ ఊరికి బదిలీ కావాలని ఆమె మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ ఆఫీసరు మారాడు గాని జవాబు మారలేదు. "మీరు పోతే పటం ఎవరు గీస్తారమ్మా?" పని బాగా వచ్చినందుకు పడిన శిక్ష అది. నాలుగోసారి, ఎవరి పుణ్యమో, ఆర్డరు వచ్చింది. నెలాఖరులోగా పటం అప్పగించి, ఒకటో తారీకున అక్కడ చేరాలి. చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి పోతుంది. ఆర్డరు కాగితాన్ని ఆమె మడతపెట్టి పాళీల పెట్టెలో దాచుకుంది. ఈ రోజు పదిహేడు. ఐదు వేల ఒక వంద చుక్కలు పూర్తయ్యాయి.

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది.

"తలుపు మెల్లగా! గాలి!" అంది ఆమె తలెత్తకుండానే.

"గాలి కాదక్కా, తుఫాను. ఇదిగో వెంటబెట్టుకొచ్చాను," అన్నాడు లెక్కల గుమాస్తా. ఊళ్ళ జాబితా, జనాభా పట్టిక అతనివి. పటం ఈమెది. ఇద్దరూ పక్కపక్క గదుల్లో పదిహేనేళ్ళుగా కీచులాడుకుంటూ పనిచేస్తున్నారు. "పొద్దున్నించి నా బల్ల ముందు నుంచి కదలడు. నా మాట మీద నమ్మకం లేదట. నువ్వే చూపించి పంపెయ్యి."

వెనకాల యాభై దాటిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఎండకు మాడిన మొహం, చంకలో ప్లాస్టిక్ సంచి.

"నేను పడవ నడిపేవాణ్ణి తల్లీ. మా ఊరికి బడి కావాలని మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ ఒకటే జవాబు, ఇలాంటి ఊరు పటంలో లేదని. ఆ ఊళ్ళోంచే వచ్చానయ్యా అంటే, లేదు గదా అంటాడీయన. మరి నేనెక్కణ్ణుంచి ఊడిపడ్డాను?"

"నన్నడిగితే ఎలా? రికార్డులో లేదు," అన్నాడు గుమాస్తా.

"రికార్డులో లేకపోతే మా ఆవిడ రోజూ తిట్టేదెవర్నంటావు?"

చుక్కలమ్మకు నవ్వొచ్చింది. పాళీ తుడిచి పక్కన పెట్టింది. "ఇటు రండి, చూసుకోండి. చెయ్యి మాత్రం బల్ల మీద పెట్టకండి. తడి తగిలితే నా నెల రోజుల పని గంగలో కలుస్తుంది."

"ఏటివాడి చెయ్యి ఎప్పుడు ఆరింది తల్లీ," అంటూనే పడవాయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగాడు. "నాకు చదువు రాదు. ఏరు ఎక్కడుందో చెప్పు, మిగతాది నేను వెతుక్కుంటాను."

ఆమె ఏరు చూపించింది. అతను పడమటి చివర నుంచి గడ్డంతోనే దారి చూపిస్తూ వచ్చాడు. "ఇది రాతికట్ట దగ్గర వంపు. ఇది ఇటుక బట్టీలు. ఇక్కడ రెండు పాయలవుతుంది, అబ్బో, భలే గీశావు. ఇక దీని తరవాత..." ఆగిపోయాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "ఇది మా ఏరు కాదు."

"అదేంటి?"

"ఇక్కడ ఏరు మోచెయ్యి మడిచినట్టు తిరుగుతుంది తల్లీ. ముప్పై ఏళ్ళుగా తిప్పుతున్నాను, ఆ మలుపులో నా నడుం పడిపోయింది. నువ్వు గీసింది చూడు, మెడ పట్టేసినవాడు తల కాస్త వంచినట్టుంది."

గుమాస్తా ఫక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మా ఊరు ఆ మోచేతి లోపల ఉంటుంది," అన్నాడు పడవాయన. "పొయ్యిలు అరవై పైచిలుకు. మనుషులం మూడు వందలు దాటుతాం. బడీడు పిల్లలే డెబ్బై మంది. రోజూ ఏరు దాటించి అవతలి బడిలో దింపుతాను. ఏరు పొంగితే నెల రోజులు బడీ లేదు, పాఠమూ లేదు."

"జనాభా రాసేవాళ్ళు మీ ఊరు రాలేదా?"

"ఏటికి ఉత్తరంవాళ్ళు వచ్చి, మిమ్మల్ని దక్షిణంవాళ్ళు రాస్తారన్నారు. దక్షిణంవాళ్ళు గట్టు మీద నిలబడి, మీరు మాకు రారు ఉత్తరానికే పోండి అన్నారు. పోయినసారీ అదే, అంతకు ముందూ అదే." అతను పటం మీదికి ఇంకా వంగాడు. "మా ఊరు ఇదిగో, ఇక్కడుండాలి. నీ బొటనవేలు కింద."

ఆమె బొటనవేలు ఎత్తింది. వేలి కింద ఊరు లేదు. కొత్త గుడ్డలోంచి కింద పరిచిన పాత మూలపటం కనపడుతోంది, ప్రతిసారీ దాని మీద గుడ్డ పరిచే కొత్త పటం తీస్తారు. సరిగ్గా అక్కడే, మూలపటం రెండు షీట్లనూ కలిపి అంటించిన అతుకు.

"లెక్క మాత్రం సరిపోయిందక్కా," అన్నాడు గుమాస్తా. "పటంలో ఉన్న ఊళ్ళు, నా జాబితాలో ఉన్న ఊళ్ళు, ఒక్కటి కూడా తేడా లేదు."

"నీ జాబితా దేన్ని చూసి రాశావు?"

"పటం చూసే."

అంటూనే అతను పటం మీదికి వంగాడు. ఆమె పడవాయనతో, "ఎల్లుండి పొద్దున రండి," అంది. గొంతు మామూలుగానే ఉంది. వాళ్ళు వెళ్ళాక తలుపు గడియపెట్టి, మూలనున్న ఇనప్పెట్టె తెరిచింది.

నేల కొలిచినవాళ్ళు మొదట పెన్సిలుతో గీసుకొచ్చిన కాగితాలు అడుగున ఉన్నాయి. ఏటి గట్టు కాగితం తీసి పరిచింది. మోచేతి వంపు ఉంది. వంపు లోపల, ఉత్తరపు గట్టున, కందిగింజంత సున్నా, పక్కన పెన్సిలు మాట: పదకొండు ఇళ్ళు. వెతకాల్సింది ఇంకేమీ లేదు. ఆ ఊరు ఎప్పుడు, ఎలా పోయిందో ఆమెకు తెలుసు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. బల్లలు తుడిచి సిరా నింపే పనికి చేరి అప్పటికి రెండేళ్ళయింది. పాత ట్రేసరు పెద్దాయన ఎవరికీ ఏదీ నేర్పేవాడు కాదు. నోరు విప్పితే పాళీ వణుకుతుందని ఆయన భయం. కాని ఆమె వెనక నిలబడి చూస్తోందని తెలిసిన రోజు నుంచి, గీసేటప్పుడు భుజం కాస్త పక్కకు జరిపేవాడు. ఆమెకు దొరికిన చదువంతా ఆ జరిగిన భుజం సందులోంచే. మూలపటం రెండు షీట్లు. ఉత్తరపు షీటు వానల్లో గీశారు, గుడ్డ చెమ్మ పీల్చి సాగి ఉంది. దక్షిణపు షీటు ఎండల్లో గీశారు, అది ముడుచుకుని ఉంది. అలాంటి రెంటినీ కలిపే ముందు ఒకే గదిలో రెండు రోజులు పరిచి ఉంచాలి. రెండూ ఒకే గాలికి అలవాటుపడ్డాక గాని బ్లేడు పెట్టకూడదు. పెద్దాయన జ్వరంతో సెలవు పెడుతూ చెప్పిన మాట అదొక్కటే. "రెండు రోజులు ఆగు."

ఆమె ఆగలేదు. మొదటిసారి ఒంటరిగా చేతికొచ్చిన పని. ఆయన తిరిగొచ్చేసరికి చేసి చూపించాలని ఉబలాటం. ఏటి గీత కలవకపోతే ఉత్తరపు షీటు అంచున ఎక్కువైందనుకుని, గింజ వెడల్పు పేలిక ఒకటి కోసి పడేసింది. గీత కలిసింది. పేలిక చెత్తలోకి పోయింది. పెద్దాయన వచ్చి అతుకు చూసి, "ఆగావా?" అన్నాడు. "ఆగానండి," అంది. ఆయన ఇంకేమీ అడక్కుండా, సరిచూశానని కింద సంతకం పెట్టాడు.

ఆ సంతకం ఇప్పుడు ఆమె ముందు ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

మధ్యాహ్నం ఆఫీసరు గదిలో ఆమె, గుమాస్తా నిలబడ్డారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆమె బదిలీ దరఖాస్తు మీద కుదిరినన్ని మంచి మాటలు రాసింది ఆయనే.

"టోటల్ సరిపోయిందా?"

"సరిపోయిందండి," అంది ఆమె.

"మరింకేం? పదేళ్ళ తరవాత వచ్చేవాళ్ళు చూసుకుంటారు. మీరు హాయిగా రైలెక్కండి."

"ఒక ఊరు పోయిందండి. వాళ్ళకు బడి రావాలంటే జనాభా పట్టికలో ఉండాలి. ఇప్పుడు పటం అచ్చుకు పోతే మళ్ళీ పదేళ్ళు."

"సరిదిద్దడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"అన్నీ కలిపి పది రోజులండి. నెలాఖరుకు ముందే ఇచ్చేస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పని సంగతి కాదమ్మా. మూలపటం అతుకు విప్పాలంటే పైకి రిపోర్టు రాయాలి. ఎవరి వల్ల జరిగిందో రాయాలి. మీరని రాస్తే మీకు సంజాయిషీ నోటీసు ఇవ్వక తప్పదు. నోటీసు తేలేదాకా మిమ్మల్ని ఇక్కణ్ణుంచి వదలడానికి నాకు అధికారం లేదు. తేలడానికి ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు." గొంతు తగ్గించాడు. "కింద సంతకం పెద్దాయనది. ఆయనే కోశారని రాయండి. పోయినవాళ్ళకు నోటీసు ఇచ్చే రూలు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు."

"బంగారంలాంటి మాట చెప్పారు సార్," అన్నాడు గుమాస్తా. "ఊరికి ఊరూ వస్తుంది, అక్కకు బదిలీ వస్తుంది. పెద్దాయనకి పోయేదేముంది?"

"ఆయన అప్పుడు సెలవులో ఉన్నారండి," అంది ఆమె.

"ఇరవై ఏళ్ళ నాటి సెలవు చీటీ ఎవరు తవ్వుతారమ్మా? రేపు పొద్దున రాసి తీసుకురండి."

సాయంత్రం వీధి చివర టెలిఫోను దుకాణం నుంచి వర్క్‌షాపుకు ఫోను చేసింది. గేటు మనిషి కేకేస్తే ఆయన వచ్చేసరికి ఆరు నిమిషాలు పట్టింది. అవతల యంత్రాల హోరు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మీరు తిన్నారా?"

"తిన్నానులే. గది సున్నం వేయించాను. తూర్పు కిటికీ దగ్గర బల్ల వేశాను. నీ గుడ్డల మీద పెట్టుకోవడానికి ఇత్తడి బరువులు లేతు మీద తిప్పి చేశాను, ఆరు. అంచులు గుండ్రంగా చేశాను, గీరుకోకుండా."

ఆమె అంతా చెప్పింది. పడవాయన, మోచెయ్యి, పేలిక, నోటీసు, ఆఫీసరు చూపించిన దారి.

"ఎంత తేడా వచ్చింది?" అన్నాడు ఆయన.

"మూడు మిల్లీమీటర్లు."

"మూడా!" పనివాడి గొంతు అది, మొగుడి గొంతు కాదు. వెంటనే సర్దుకున్నాడు. "సరే అయిందేదో అయింది. ఆ పెద్దాయన పేరు రాసెయ్. ఆయన బతికుంటే ఆయనే రాయమనేవాడు."

"అనేవాడేమో. అందుకే రాయలేకపోతున్నా."

"ఇదేం పంతమే? పదకొండేళ్ళు! నాకు వంట చేసుకోవడం చేతగాక కాదు, ఎదురుగా కూర్చునే మనిషి లేక చస్తున్నాను. నీకది అర్థమవుతోందా?"

"నాకు మాత్రం ఎవరున్నారు ఎదురుగా? గోడ."

ఆమె రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.

"మీ దగ్గర ప్రతి ముక్క మీదా తిప్పినవాడి నంబరు కొడతారు కదా," అంది ఆమె. "మీరొక ముక్క తప్పు కోశారనుకోండి. పక్కాయన నంబరు కొడతారా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"అది... ఇనుము." ఆయనకే ఆ మాట నచ్చలేదు. గొంతు సవరించుకున్నాడు. "కొట్టను."

అవతల ఎవరో కేకేశారు.

"ఫోను కోసం వెనకాల మనుషులున్నారు," అన్నాడు ఆయన. "పెట్టేస్తున్నా." అంతలోనే, "ఆదివారం వస్తాను," అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఆమె కాగితం తీసుకుంది. పటం మీద పేర్లు రాసే చేతిరాతతోనే, తొందర లేకుండా రాసింది. ఉత్తరపు షీటు అంచు తాను కోసింది. గుడ్డ కుదురుకునేదాకా ఆగమని పెద్దాయన ముందే చెప్పారు. ఆగానని ఆయనకు అబద్ధం చెప్పింది తాను. ఆ మాట మీదే ఆయన సంతకం పెట్టారు. నాలుగే వాక్యాలు.

ఆఫీసరు చదివి తలెత్తాడు. "ఇంకో తెల్లకాగితం ఇస్తాను, మళ్ళీ రాస్తారా?"

"వద్దండి. ఇందులో దిద్దాల్సిందేమీ లేదు."

గంటలోపే నోటీసు టైపయి వచ్చింది. అది మాత్రం ఈ ఆఫీసులో ఎప్పుడూ ఆలస్యం కాదు. అందినట్టు సంతకం పెట్టి, ఆమె తన గదిలోకి పోయి బ్లేడు మార్చుకుంది.

అతుకు మీది పాత జిగురును గోరు మందాన గీకుతూ, రెండు షీట్లనూ విడదీసేసరికి సాయంత్రమైంది. కోసి పడేసిన మేరకు కొత్త ట్రేసింగు పట్టీ కావాలి. దాన్ని, పాత షీట్లను, పెన్సిలు కాగితాన్ని పక్కపక్కన పరిచి, బరువులు కూడా పెట్టకుండా వదిలేసింది. రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఆమె వాటిని ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. ఆ మూతపడిన కిటికీ గదిలో, చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని అన్ని గంటలు కూర్చోవడం ఆమెకు అదే మొదలు. చేతిలో పని లేనప్పుడు ఆ గది ఎంత చిన్నదో తెలిసింది.

ఆ రెండు రోజుల్లోనే లెక్కల గుమాస్తా పడవెక్కాడు. ఇంటింటికీ తిరిగి రాయకుండా పట్టికలో ఊరు చేర్చడానికి లేదు, ఆఫీసరు అతన్నే పంపాడు. పడవాయన చెప్పినరోజే వచ్చి, గుమాస్తాను వెంటబెట్టుకుని పోయాడు. మూడో రోజు గుమాస్తా బూట్లు చేత్తో పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి తలుపు మెల్లగానే తీశాడు.

"మూడు వందల యాభై రెండక్కా. ఆ మోచేతి మలుపు దగ్గర నా పేగులు నోట్లోకొచ్చాయి. ఆయన మాత్రం పాట పాడుతున్నాడు."

"అందర్నీ రాశావా?"

"ఒక ముసలమ్మను రెండుసార్లు రాయబోయాను. ఇటు గుమ్మంలోంచి ఒకసారి, అటు గుమ్మంలోంచి ఒకసారి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళు వదిలేశారుగా బాబూ, వడ్డీతో రాసుకో అంది." అతను తడిసిన పుస్తకం బల్లకు దూరంగా పెట్టాడు. నవ్వు పోయింది మొహంలోంచి. "నా పట్టిక అంతా మళ్ళీ కూడాలి. నీ మీద ఒళ్ళు మండుతోంది గాని, ఏమనడానికీ లేదు."

మూడు వందల యాభై రెండు. యాభై దాటిన మిగులుకు నిండు చుక్క పెట్టాలి. నాలుగు చుక్కలు.

ఆ నాలుగు చుక్కల కోసం మూడు వందల నలభై చుక్కలు తీసెయ్యాల్సి వచ్చింది. వంపు లోతు కాగానే ఉత్తరపు గట్టు ఊళ్ళు ఇరవై మూడు, బాటలు, రెండు వాగులు, అన్నీ మూడు మిల్లీమీటర్లు జరిగాయి. సరైన చోట్ల కోసం పెన్సిలు కాగితాన్ని కింద పరిచి, కొత్త గుడ్డ మీద ఒక్కొక్క చుక్కనూ బ్లేడు మొనతో, ఊపిరి బిగబట్టి గీకింది. ఒత్తితే గుడ్డ తెగుతుంది, ఒత్తకపోతే సిరా లేవదు. గీకిన చోట గుడ్డ నూగు లేస్తుంది, అలాగే గీస్తే సిరా సాలెగూడులా పాకుతుంది. అందుకని నున్నటి గులకరాయితో రుద్ది, ఆ నూగును పడుకోబెట్టి, సుద్దపొడి వేసి, మళ్ళీ చుక్క. ఒక చుక్కకు నాలుగు పనులు. రోజుకు డెబ్బై కూడా దాటలేదు.

మధ్యలో ఆదివారం వచ్చింది. ఆయన పొద్దున బండికే దిగాడు. సంచిలోంచి ఇత్తడి బరువులు ఆరూ తీసి, వంటగది గట్టు మీద వరసగా పెట్టాడు.

"అక్కడి బల్లకని చేశాను. ఎక్కడైతేనేం, వాడేది నువ్వేగా."

"కోపం పోయిందా?"

"పోలేదు. పోతే చెప్తాను." తింటూ, కాసేపయ్యాక అడిగాడు. "చుక్క గీకితే మచ్చ కనపడదా?"

"సరిగ్గా గీకితే కనపడదు."

"ఎలా గీకుతావు?"

ఆమె చెంచా మొన తిప్పి, కంచం అంచున చూపించింది. ఆయన ఆ కోణం చూసి, తలాడించాడు. సాయంత్రం స్టేషనులో బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. మళ్ళీ ఎప్పుడని ఇద్దరూ అడగలేదు. పదిహేను రోజులకని ఇద్దరికీ తెలుసు.

మిగిలిన చుక్కలన్నీ పూర్తి చేసి, ఇరవై తొమ్మిదో తారీకున అతుకు పెట్టింది. కొత్త పట్టీని షీట్ల మధ్య పరిచి, ఇత్తడి బరువులు సర్ది, మైదా జిగురు జుట్టు కుంచెతో పల్చగా పూసి, లోపలి నుంచి బయటికి అరచేతి మడమతో ఒత్తింది. ఏటి గీత దక్షిణపు షీటులోంచి బయల్దేరి, పట్టీ మీద మోచెయ్యిలా మలుపు తిరిగి, చేరాల్సిన చోటికే వచ్చి ఆనింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా కోయలేదు. దాని మీద చుక్కలు పెట్టిన కొత్త గుడ్డను మళ్ళీ పరిచి, ఏటి వంపు దిద్ది, వంపు లోపల కందిగింజంత సున్నా గీసి, చుట్టూ నాలుగు చుక్కలు పెట్టింది. నాలుగోది పెట్టాక పాళీ ఎత్తి, లావు సరిచూసింది. మిగతా వాటిలాగే ఉంది. పటం అడుగున మొత్తం అంకె రాసింది. ఆరు లక్షల ముప్పై ఎనిమిది వేల ఏడు వందల అరవై నాలుగు.

ముప్పైన పొద్దున ఆఫీసరు పిలిచాడు. అక్కడి ఖాళీలో ఇంకొకర్ని వేసినట్టు కబురొచ్చింది.

"నోటీసు తేలాక మళ్ళీ పెట్టుకోండి దరఖాస్తు. నేనుంటే రాస్తాను," అన్నాడు. తరవాత, ఊరుకోలేక, "అప్పటికి మళ్ళీ జనాభా లెక్కలు దగ్గరపడతాయేమో," అన్నాడు. హాస్యానికే అన్నాడు గాని ఇద్దరికీ నవ్వు రాలేదు.

"పట్టికలో కొత్త ఊరు చేరిందా అండి?"

"చేరింది. నిన్నే సంతకం పెట్టాను. బడి అర్జీ కూడా దానితోపాటే పంపించాను."

"సరేనండి," అంది.

పాళీల పెట్టెలోంచి ఆర్డరు తీసి, ఆఫీసరు అడక్కముందే బల్ల మీద పెట్టింది. మడతలు పడిన చోట కాగితం అప్పుడే నలుపెక్కింది.

మూడు గంటలకు అచ్చాఫీసు మనిషి రేకు గొట్టం పట్టుకుని వచ్చాడు. తనకు పని తెలుసని తెలిసేలా మాట్లాడే మనిషి. పటాన్ని చుట్టకముందు బల్ల మీద పూర్తిగా పరిపించాడు. నాలుగు మూలలు చూశాడు, కొలబద్ద పెట్టి అంచులు చూశాడు. ఊళ్ళ సంఖ్య, చుక్కల సంఖ్య, జనం సంఖ్య ఆమె చదువుతుంటే తన కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు.

"దిద్దుబాట్లున్నాయని రాశారు. ఎక్కడ? నాకేం కనపడట్లేదే."

"ఏటికి ఉత్తరపు గట్టున. ఈ వంపు నుంచి ఇక్కడిదాకా," అంటూ ఆమె వేలు ఆనించకుండా గాల్లో చూపించింది. "మూడు వందల నలభై చుక్కలు గీకి మళ్ళీ పెట్టినవి. అచ్చు ప్లేటు తీసేటప్పుడు ఇక్కడ వెలుతురు కాస్త తగ్గించండి. గుడ్డ పల్చబడి ఉంటుంది."

"మూలపటం అతుకు కూడా మారిందన్నారు?"

"మారింది. ఏటి వెంబడే ఉంటుంది. అదీ రాసిచ్చాను, చివరి పేరాలో."

అతను ఆ పేరా చదివాడు. వంగి, గుడ్డను వెలుతురుకు ఏటవాలుగా ఎత్తి చాలాసేపు చూశాడు. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని, సిరా వైపు లోపలికి వచ్చేలా, మధ్యలో పల్చటి కాగితం వేస్తూ వదులుగా చుట్టారు. ఆమె గొట్టంలోకి దించి, మూత తిప్పి, జిగురుపట్టీ అంటించింది. అతను రసీదు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

"ఒకటి," అని రాసి ఉంది రసీదులో. "జిల్లా పటం, ఒకటి."

ఆమె తేదీ సరిచూసి, గొట్టం అతని చేతికిచ్చింది.